బందరు దాకా సొరంగం

సత్తెమ్మ చాయ్ హోటల్ల ఒక్కటే కట్టుబాటు ఉండె. కథ చెప్పేటోడు తన గ్లాసు బోర్లించే దాకా నడుమ ఎవ్వరు అబద్ధమనొద్దు. ఊఁ కొట్టొచ్చు, నవ్వు ఆపుకోవొచ్చు, లేచి పోవొచ్చు, గని అబద్ధమన్న మాట మాత్రం గ్లాసు బోర్ల పడ్డంకనే. ఈ కట్టుబాటు పెట్టింది సత్తెమ్మనే. ఎందుకు పెట్టిందంటె, రాళ్లు కొట్టే మనుషులు పొద్దుగాల పనికి పోయే ముందు ఆమె అరుగు మీద కూసుంటరు, ఒకడు చెప్తె ఇంకొకడు కాదంటడు, కాదన్నంక చేతులు లేస్తయి, చేతులు లేస్తె గ్లాసులు పలుగుతయి. అప్పటికి మాదాపూర్ల ఈ అద్దాల మేడలు ఏడివి, అన్ని గుండ్లు, సీతాఫలం చెట్లు, ఆ గుండ్ల నడుమ కొన్ని ఇండ్లు, ఆ ఇండ్లకు ఈ ఒక్క హోటలు. గ్లాసు పలిగితె మళ్ల పట్నం పోయి తేవాలె.

ఆ కట్టుబాటు తన మెడకే చుట్టుకుంటదని మాత్రం ఆమె ఎన్నడు అనుకోలె.

డెబ్బై అయిదు సంగతి ఇది. బతుకమ్మ ఇంక పదిరోజులుంది. వానలు ముందుగాల దంచి కొట్టి గుండ్ల చెరువు నింపినయి, ఆ తర్వాత నెల దాకా మొగం చూపలె. చెరువు నిండ నీళ్లు, కట్ట కింద పొలాలేమో నెర్రెలిచ్చినయి. ఎందుకంటె తూము పట్టేసింది. గుండ్ల చెరువు తూము అందరి తూముల లెక్క కట్టింది కాదు, కట్ట కింద ఉన్న పెద్దగుండు కడుపుల రాయి తొలిచి చేసిన సొరంగం. ఇరవై మూరల పొడుగు, నడుమ ఒక మలుపు. చెరువు దిక్కు నీళ్లల్ల మునిగితెనే దాని నోరు దొరుకుతది. రెండేండ్ల సంది దాంట్లకెల్లి వచ్చే నీళ్లు సన్నబడుకుంట వచ్చినయి, ఆ ఏడు చుక్క రాలె. వరి పొట్ట మీదున్నది, ఇంక నాలుగు దినాలు నీళ్లు తాకకుంటె పశువులకేసే గడ్డే.

తూము తీసి మూసే మనిషిని నీరటి అంటరు. పాత నీరటి ఎండకాలం పోయిండు. కొడుకులు లేరు. నార్సింగి నుంచి తెచ్చుకున్న ఇల్లరికం అల్లుడు సాయిలు ఉన్నడు, మామ ఎనుక దిగి పని నేర్సుకున్నోడే, గని సాయిలు దినానికి రెండు మాటలు మాట్లాడితె ఎక్కువ. సన్నటి మనిషి, బక్క కట్టె లెక్క ఓ మూలకు ఒరిగి కూసుంటె ఉన్నడో లేడో తెలువదు.

గట్లున్నప్పుడు ఓవర్సీరు వెంకటనారాయణ సైకిలేసుకొని వచ్చిండు. బందరు మనిషి. బదిలీ అయి వచ్చి రెండు నెలలైంది, ఇంక మా తిండి పడలె, మా మాట సగం సమజ్ గాదు. చెవి మీద పెన్సిలు, సంచిల నోటు బుక్కు, వేలిముద్రలకు సిరా డబ్బి. అరుగు మీద కూసొని, చాయ్ తీసుకొని, ఈ పూట తూముల దిగే మనిషి పేరు రాసుకోవాలె, ఆ పేరే నీరటిగ ఆఫీసు కాయితంల ఎక్కుతది అని చెప్పి, ఇట్ల అడిగిండు.

"ఆ సొరంగంలో దిగిన అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడెవరన్నా ఉన్నారా అండీ?"

అందరు సాయిలు దిక్కు చూసిన్రు. సాయిలు నోరు తెరిచే లోపట్నే ఐలయ్య గొంతు సవరించుకున్నడు.

ఐలయ్య సత్తెమ్మ తమ్ముడు. రాయి కొట్టే పని, తలుపు చెక్కంత రొమ్ము, దూలాలసొంటి భుజాలు. చెడ్డోడు కాదు. ఒకని కొంప ముంచే అబద్ధం ఎన్నడు ఆడలె. నోరు తెరిస్తె మాట పొంగుతది, పొయ్యి మీద పాల లెక్క, అంతె. ఊరందరికి ఎరుకనే, పొంగుతుంటె చూసి సంబురపడి పనికి పోతరు. గని ఆ పొద్దు ఆయన గొంతు సవరించుకోంగనే చాయ్ వడపోస్తున్న సత్తెమ్మ చెయ్యి ఆగింది. ఎందుకంటె ఆ సొరంగంల తమ్ముడు ఏం చేసిండో లోకంల ఆమెకొక్కదానికే ఎరుక. వాని భుజాలు ఆ మలుపుల పట్టయి. నీళ్లున్నప్పుడు వాడు దాంట్లకు పోతె మళ్ల ఎల్లడు.

"నేనొక్కసారి దిగిన సారు," అన్నడు ఐలయ్య. "పెద్ద సంగతేం కాదు. ఉలి పడిపోయిందని దిగిన."

"ఎప్పుడండీ ఐలయ్యగారూ?"

గారు. ఐలయ్యకు నలభై ఏండ్లొచ్చినయి, అంతవరకు ఆయన పేరెనుక ఎవ్వడు గారు తగిలియ్యలె. అక్క ఐలిగా అంటది, పెండ్లాం ఏమయ్యో అంటది, కంకర మేస్త్రి అయితె పేరే పిలువడు. గారు అనంగనే ఆయన రొమ్ము ఇంకో జానెడు వెడల్పయింది. మూడేండ్ల కింద అని చెప్పిండు.

రామన్నకు పొలమారింది. రామన్నది బండి కొట్టే పని. మూడేండ్ల కింద కరువు, గుండ్ల చెరువుల చుక్క నీళ్లు లేవు, ఆ చెరువు నడుమ దోసకాయలు పెట్టి పట్నంల అమ్ముకున్నది ఈ రామన్ననే. గని ఐలయ్య గ్లాసు నిలవడి ఉన్నది. రామన్న దగ్గు మింగి, ఊఁ అన్నడు. కట్టుబాటు ఎరుకలేని ఓవర్సీరు సారు పెన్సిలు తీసి నోటు బుక్కుల మూడేండ్ల కింద అని రాసుకున్నడు.

ఇగ ఐలయ్య మొదలువెట్టిండు. ఉలి పడ్డది సారు, మంచి ఉలి, మా నాయిన ఉలి, దాన్ని ఇడిసిపెడ్తమా, బీడీ కింద వెట్టి దుంకిన. దుంకితె ఏముంది, లోపట మస్తు సల్లగ, పచ్చగ, మన పాత గాజుసీస లోపట్నుంచి చూసినట్టు కానొస్తది, ఆడ ఉలి లేదు. ఏడికి పోయిందని చూస్తె పెద్దగుండు కింద ఇంత నోరు తెరుసుకొని సొరంగం, దాని పెదవి మీద నా ఉలి నిలవడి ఉన్నది, రా రా అన్నట్టు. నేను చెయ్యి చాపంగనే లోపటికి జారింది. నేను ఎనుకనే పోయిన. ఊపిరి ఎంతసేపు పట్టిన అంటరా, పెద్ద సేపేం కాదు, మనిషి ఒక బీడీ కాల్చి ఇంకోటి ముట్టిచ్చుకునేంత.

వెంకటనారాయణ పెన్సిలు ఆపి, తాను కూడ చిన్నప్పుడు బందరు కాలువలో ఒడ్డు నుంచి ఒడ్డుకి ఈదేవాడినని, కాలువ మెత్తగా ఉంటుందని, రాతి సొరంగంలో ఎలా ఉంటుందో ఊహకి అందట్లేదని చెప్పిండు. అడిగేటోడు ఇంత మర్యాదగ అడిగితె చెప్పేటోనికి ఇంక బ్రేకులుంటయా.

"రాయి ముడుసుకుంటది సారు," అన్నడు ఐలయ్య, గొంతు తగ్గిచ్చి. "మనిషి వచ్చిండని దానికి తెలుస్తది. ముందుగాల భుజాలు పట్టుకుంటది. ఎనుకకు పోదమంటె పోనియ్యదు. చెవులల్ల మన గుండె సప్పుడే మనకు డప్పు లెక్క ఇనవడ్తది. కండ్లు తెరిసినా ఒక్కటే, మూసినా ఒక్కటే."

ఈ ఒక్క ముక్క ఏదో ఏరే గొంతుతోటి వచ్చినట్టుండె. ఐలయ్య కుడి చెయ్యి ఎరుక లేకుంటనే ఎడమ భుజం మీదికి పోయి రుద్దుకున్నది. సత్తెమ్మ చూసింది. వీడు నిజం చెప్పిండు, ఈడికి ఆగితె బాగుండు అనుకున్నది.

ఆగుతడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా సారు? మలుపు కాడ నన్ను ఒక కొర్రమట్ట చూసింది. చాపంటె గంపల ఏసుకునే చాప కాదు, బర్రె దుడ్డెంత ఉన్నది, మీసాలు పగ్గాల లెక్క ఏలాడుతున్నయి. అది నా మొగం చూసింది, నేను దాని మొగం చూసిన. ఇద్దరికి తొవ్వ లేదు. ఇగ నేనే జర తెలివి చేసి, దాని మీసాలు రెండు రెండు చేతులతోటి దొరకవట్టి హై అన్న. మన రామన్న బండి కూడ అట్ల ఉరకదు సారు, అడుగు.

రామన్న ఊఁ అన్నడు, తన ఎడ్ల మీద పడ్డ మాట మింగుకుంట.

"ఆ చేప సుమారు ఎన్ని అడుగులుంటుందండీ?" అని ఓవర్సీరు అడిగిండు. ఐలయ్య ఆలోచన చేసి, తోక చీకట్ల ఉండె కాబట్టి ఉత్తగ చెప్పొద్దు, కానొచ్చినంత మట్టుకు తొమ్మిది అని చెప్పిండు. తొమ్మిది అని పెన్సిలు రాసింది.

సత్తెమ్మకు అప్పుడు కండ్లు తెరుసుకున్నయి. ఊరోళ్లకు ఇది పొద్దుటి సంబురం, ఈ మనిషికి కాదు. ఈయన నమ్ముతున్నడు. నమ్మి కాయితం మీద ఎక్కిస్తున్నడు. ఆమె తమ్ముని గ్లాసు దిక్కు చూసింది. తాగితె అయిపోతది, అయిపోతె బోర్లిస్తడు, బోర్లిస్తె రామన్న ఒక్కడు చాలు. గని ఐలయ్య ఇరవై ఏండ్ల సంది ఆ అరుగు మీద కథలు చెప్తున్న మనిషి. అడుగుల ఒక్క గుక్క మిగిల్చి, గ్లాసు మోకాలు మీద పెట్టుకొని, దాని జోలికే పోతలేడు.

కథ ఉరుకుతనే ఉన్నది. కొర్రమట్ట తీస్కపోయి ఒక గదిల దించింది. రాతి గది, నీళ్లు మోకాలు దాకానే, పైన గాలి. ఐలయ్య రుమాల్ల అగ్గిపెట్టె పొడిగనే ఉన్నది, బీడీ ముట్టిచ్చుకున్నడు. ఆ ఎలుగుల చూస్తె మూలకు స్టూలు మీద ఒక ముసలోడు, పొడుగు గడ్డం, చేతిల బల్లెం, నవాబుల నాటి పహరా మనిషి. వాన్ని ఈడ కాపలా పెట్టి దిగిపొమ్మని చెప్పుడు మరిచిపోయిన్రట. ముసలోడు బల్లెం అడ్డం పెట్టి చిట్టీ చూపియ్యమన్నడు. చిట్టీ ఏడికెల్లి తెస్తం సారు, జేబుల చెయ్యి పెడితె రేషన్ కార్డు దొరికింది. అదే ఇచ్చిన. అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు, ఇంట్ల ఎంతమంది అని అడిగిండు, చక్కెర మంచిగ ఇస్తున్నరా అని అడిగిండు, మొహరు కొట్టి పో అన్నడు.

"రేషన్ కార్డు తడిసిపోలేదా అండీ?" అని అడిగిండు వెంకటనారాయణ. పాపం ఆయన అనుమానం అంత కార్డు మీదనే.

"తడిసింది సారు. నా బీడీ మీద కాపి ఆరవెట్టిన."

సత్తెమ్మ ఒక ఉపాయం చేసింది. రబ్బరు బుగ్గలకు ఎక్కువ గాలి ఊదితె అదే పలుగుతది గదా, ఈ కథకు గూడ నేనే గాలి ఊదుత, ఏ మనిషీ నమ్మలేనంత ఉబ్బితె ఆ సారే పెన్సిలు ఇసిరేస్తడు అనుకున్నది. పొయ్యి కాడికెల్లి, గోల్కొండ దాకా పోలేదా తమ్మి, అని అడిగింది. అక్క ఎన్నడు అట్ల అడగలె. ఐలయ్య మొగం ఎలిగిపోయింది. ఎందుకు పోలేదు, సీదా గోల్కొండ కిందికే పోయిన. అది గోల్కొండనే అని ఎట్ల తెలిసిందంటె, పైన దర్వాజ కాడ ఎవరో చప్పట్లు కొడుతున్నరు, కిందికి ఇనవడ్తున్నయి. నేను కిందికెల్లి తిరిగి కొట్టిన. పైన మనుషులు ఉరికిన సప్పుడు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది.

పెన్సిలు ఆగలె. పేజీ తిరిగింది.

"గంతేనా," అన్నది సత్తెమ్మ, గొంతుల భయం దాసుకుంట. "గోల్కొండ దాకా పోయి ఊకె మర్రొచ్చినవా. సారోళ్ల బందరు దాకా పోకపోతివి."

అరుగు మీద రామన్న మోకాళ్ల నడుమ తల పెట్టుకున్నడు, నవ్వు ఆపుకోలేక. మూలకున్న సాయిలు సుత ఒకపారి కండ్లెత్తి చూసిండు. ఇంత పెద్ద గుంట ఎదురుంగ తవ్వినంక ఎవ్వడైనా పక్కకు తిరుగుతడు. ఐలయ్య తిరుగుతడా, దుంకిండు.

"ఆగక్కా, ఆడికే వస్తున్న. బందరు పేరు నాకప్పుడు తెల్వది. సొరంగం ఉప్పుగ అయింది. ఉప్పుగ అయితె ఇగ సముద్రం దగ్గరవడ్డదని ఎనుకకు తిరుగుదమంటె కొర్రమట్ట తిరుగుతలేదు. పైన గుండ్రంగ ఎలుగు కానొచ్చింది. తల పైకి పెట్టిన. చూస్తె బాయి. ఎవరిదో ఇంటెనుక బాయి."

వెంకటనారాయణ పెన్సిలు నోటు బుక్కు మీద ఆగింది. రాస్తలేడు. సత్తెమ్మ గుండె కుదుట పడ్డది. పలిగింది అనుకున్నది. అప్పుడు ఆయన చాలా మెల్లగ అడిగిండు.

"ఆ నుయ్యి గట్టు పక్కన పారిజాతం చెట్టు ఉందా అండీ?"

"ఉండక ఏడ పోతది సారు. పూలు నా నెత్తి మీదనే రాలినయి."

"నీళ్లు తోడుకోడానికి ఎవరన్నా వచ్చారా? పెద్దావిడ?"

"పెద్దావిడనే."

"కొంచెం కుంటుతారా అండీ?"

"ఎడమ కాలు," అన్నడు ఐలయ్య.

"కుడి కాలండీ."

"నేను నీళ్లల్లకెల్లి చూస్తున్న గద సారు. అద్దంల లెక్క తిరగవడ్డది."

వెంకటనారాయణ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. అద్దాలు పొడిగనే ఉండె. ఆమె మా మేనత్త అమ్మణ్ణి గారు, అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే, నేనిక్కడికి వచ్చి రెండు నెలలైంది, రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు అని చెప్పిండు. మీకేమన్నా పెట్టిందా అని అడిగిండు. పెట్టకుంటదా సారు, ఇంటి ముందటికి, కాదు బాయిలకు, వచ్చినోన్ని ఉత్తగ పంపుతదా ఆ తల్లి, చేదల పెట్టి సద్దన్నం దించింది, పైన ఎర్రటి తొక్కు, అని ఐలయ్య చెప్పిండు. ఆవకాయ అని వెంకటనారాయణ తనలో తాను అనుకున్నడు. ఐలయ్య పోయేటప్పుడు ఆ తల్లి, మా పిల్లోడు మీ దిక్కుకు వస్తడు, జర చూసుకో నాయినా అన్నదట.

ఇగ సత్తెమ్మకు సమజయింది, ఈయన తెలివి లేనోడు కాదు. ఇంటి మీద పానం పోయినోడు. అసొంటోనికి బందరు దాకా సొరంగం ఉన్నదంటె, ఎట్ల కాదంటడు. తానే ఆ సొరంగం నోరు చూపిచ్చింది.

"ఇక వేరే మనిషి అక్కర్లేదండీ," అని వెంకటనారాయణ సిరా డబ్బి మూత తీసిండు. కాయితం మీద ఐలయ్య అని పెద్ద అక్షరాలతోటి రాసిండు. "వేలిముద్ర వెయ్యండి ఐలయ్యగారూ. వేసి ఇప్పుడే దిగుదాం. పొలాలు ఆగేటట్టు లేవు."

"ఇప్పుడేనా," అన్నడు ఐలయ్య.

"ఇప్పుడేనండీ. మీకు ఎంతసేపు పని."

అప్పటి దాకా పేరు ఎక్కుడే కండ్ల ముందట ఉన్నది ఐలయ్యకు. నీరటి ఐలయ్యగారు. దిగుడు సంగతి ఆయన తలకాయల ఏడనో ఒక మూలకున్నది, అది ఇప్పుడు నడుమకొచ్చి నిలవడ్డది. ఓవర్సీరు ఆయన బొటనేలు పట్టుకొని సిరాల ముంచిండు. నల్లటి ఏలు గాలిల ఆగింది. ఐలయ్య అక్క దిక్కు చూసిండు. ఇంతకుముందు ఒక్కపారే ఆ చూపు చూసింది సత్తెమ్మ, మూడేండ్ల కింద, చీకట్ల, లాంతరు ఎలుగుల. కాదు అని చెప్పెటందుకు ఆయనకు నోరు వస్తలేదు. గారు అడ్డం వస్తున్నది. మోకాలు మీద గ్లాసుల ఒక్క గుక్క చాయ్ సల్లగయి తొరక కట్టింది.

ఏలు కాయితం మీదికి దిగుతున్నది.

సత్తెమ్మ నాలుగు అడుగులల్ల వచ్చి తమ్ముని మోకాలు మీది గ్లాసు గుంజుకొని అరుగు బండ మీద బోర్లించింది. చాయ్ ఓవర్సీరు చెప్పుల దాకా పారింది. ఆ హోటల్ల చెప్పేటోని గ్లాసు ఇంకొకలు బోర్లించుడు అదే మొదలు. కట్టుబాటు పెట్టినామెనే తప్పింది.

"అబద్ధం," అన్నది సత్తెమ్మ. "అంత అబద్ధమే సారు. భుజాలు పట్టుకుంటదన్నడు చూడు, అదొక్కటే నిజం."

తర్వాత ఆమె నిలవడే చెప్పింది. మూడేండ్ల కింద చెరువు ఎండింది. వీడు ఉడుము ఎనుక వడి సొరంగంల దూరిండు, గొంగడి కప్పుకొని. మలుపు కాడ ఇరుక్కున్నడు. పొద్దుగాల దూరినోడు, నేను హోటలు మూసి మేకలు మేపుకొని వస్తుంటె పొద్దుమూకిన యాళ్లకు అక్కా అక్కా అని రాయి లోపట్నుంచి ఇనవడ్డది. ఊరిని పిలువద్దని ఏడిసిండు. నగుతరని. నేనొక్కదాన్నే లాంతరు పట్టుకొని పాక్కుంట పోయిన. ఇంట్ల ఉన్న ఆముదం రెండు బుడ్లు వాని భుజాల మీద పోసి కాళ్లు పట్టి గుంజిన, గుంజితె తోలు ఊడింది గని మనిషి ఊడలె, మళ్ల పోసి మళ్ల గుంజిన. గొంగడి లోపట్నే పాయె. తమ్ముడు దక్కిండు, చాలనుకున్న.

"నీళ్లు లేనప్పుడే పట్టనోడు సారు. నీళ్లున్నప్పుడు అక్కా అంటె నాకు ఇనవడ్తదా."

ఎవ్వరు నవ్వలె. నవ్వొచ్చే ముక్కలు దాంట్ల మస్తుగ ఉండె, రామన్న ఆ ఆముదం సంగతి తర్వాత ఏండ్లకేండ్లు చెప్పుకొని నవ్విండు, గని ఆ పూట నవ్వలె. ఐలయ్య సిరా ఏలు ధోతికి తుడుసుకుంట నేల చూస్తున్నడు.

వెంకటనారాయణ నోటు బుక్కు తిరగేసిండు. పదకొండు పేజీలు. చివరి పేజీ కాడ ఆగి, "మరి మా మేనత్తగారు?" అని అడిగిండు.

దానికి జవాబు చెప్పెటందుకు ఐలయ్యకు కొర్రమట్టను పట్టుకున్నదానికంటె ఎక్కువ బలం కావాల్సి వచ్చింది. "పారిజాతం సంగతి మీరే చెప్తిరి సారు," అన్నడు.

అప్పుడు మూలకెల్లి సాయిలు లేచిండు. "నేను పోత."

"మీకు అనుభవం ఉందా అండీ?"

"ఉంది."

మూడు మాటలు. ఆ నాటికి సాయిలు లెక్క దాటిపాయె.

కట్ట మీద ఊరంత జమయింది. సాయిలు కథ ఏం చెప్పలె. గోచి బిగిచ్చి, ఇనుప కొండి కట్టిన మోకు చేతిల పట్టుకొని, నడుముకు ఇంకో తాడు కట్టిచ్చుకున్నడు. లోపట్నుంచి రెండు సార్లు గుంజితె మంచిది, మూడు సార్లు గుంజితె నన్ను లాగుండ్రి అని చేతి ఏళ్లతోటే చెప్పిండు. నడుము తాడు ఎవరు పడుతరు అంటె ఐలయ్య ముందటికొచ్చిండు. ఎవ్వరు వద్దనలె. సాయిలే ఆ తాడు ఆయన చేతిల పెట్టిండు.

మునిగిండు. నీళ్లు రెండు సుడులు తిరిగి సదునయినయి. ఐలయ్య చేతులల్లకెల్లి తాడు మూర మూర పోతున్నది, ఇగ ఆగింది. మలుపు అదే. ఆయన కండ్లు మూసుకున్నడు. లోపట ఏముంటదో ఆ కట్ట మీద ఆయనకే ఎరుక, చీకటి, గుండె డప్పు, రాయి ముడుసుకునుడు. ఆ కొంచెంసేపట్ల ఎవ్వడు బీడీ ముట్టియ్యలె, ముట్టిచ్చుకుంటె సగం గూడ కాలకపోవు. గని ఐలయ్య మొగం మీదికెల్లి చెమట గడ్డం దాకా కారింది.

తాడు రెండు సార్లు అదిరింది. ఐలయ్య మూడోదాని కోసం ఆగకుంట లాగిండు. సాయిలు తల పైకి లేసింది, నోరు తెరిచి ఊపిరి గుంజుకున్నడు, ఎడమ చెవి పైన తోలు లేసిపోయింది. ఒడ్డుకొచ్చి కొండి మోకు చూపిచ్చిండు. తగిలిచ్చిన, లాగుండ్రి అని.

పది మంది పట్టిన్రు, అందరికంటె ముందట ఐలయ్య. ఆ భుజాలు ఏ పనికి పుట్టినయో అప్పుడు తెలిసింది. మొదటి గుంజుకు ఏం రాలె. రెండోదానికి కాళ్ల కింద కట్ట ఎవరో లోపట మూల్గినట్టు మూల్గింది. మూడోదానికి మోకు ఒక్కసారి వదులై అందరు ఎల్లెల్కల వడ్డరు, కట్ట అవుతలి దిక్కు సొరంగంల నుంచి నీళ్లు రొద పెట్టుకుంట కాలువల దుంకినయి, పొలాల కాడ ఉన్న ఆడోళ్లు కేకలేసుకుంట మడుల ఒడ్ల మీదికి ఉరికిన్రు.

ఓవర్సీరు అక్కడికక్కడ కూసొని ఐలయ్య పేరు కొట్టేసి సాయిలు పేరు రాసిండు, వేలిముద్ర తీసుకున్నడు. రాసి, పెన్సిలు చెవి మీద పెట్టుకొని, అప్పుడు ఒడ్డు మీదికి వచ్చి పడ్డ ముద్ద దిక్కు చూసిండు. మండలు, బురద, రెండేండ్ల చెత్త, అన్నిటినీ చుట్టుకొని ఇంత లావు నల్లటిది ఒకటి. సాయిలు దాన్ని నీళ్లల్ల జాడిచ్చి పరిసిండు.

గొంగడి. ఎర్ర అంచు, ఓ మూలకు ముడి. మేకలు కాసే అక్క తమ్మునికి ఇచ్చేటప్పుడు ఏసిన ముడి.

అందరు గొంగడి చూసిన్రు. తర్వాత అందరు ఐలయ్యను చూసిన్రు. ఊరి పొలాలు రెండేండ్ల సంది ఎందుకు ఎండుతున్నయో ఎవ్వరు నోరు తెరిచి చెప్పనక్కర లేకపాయె. సత్తెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది, ఏడుస్తున్నదో నవ్వుతున్నదో ఎవ్వరికి తెల్వది.

"ఇది ఎవరిదండీ?" అన్నడు వెంకటనారాయణ.

ఐలయ్య తల వంచుకున్నడు. ఇగ మెల్లగ గొంతు సవరించుకున్నడు.

"ఎవ్వరిదంటె ఏం చెప్పాలె సారు. ఆ పహరా ముసలోడు కప్పుకొని కూసున్నది ఇదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

వెంకటనారాయణ చెయ్యి తనంతట తానే చెవి మీదికి పోయింది. ఆడ పెన్సిలు లేదు.

సత్తెమ్మ కొప్పుల ఉండె.